విసురు వల గుండ్లకు అచ్చు ఎంచుకోవడం: కొలత నుంచి గుచ్చడం దాకా

పోయిన వేసవిలో, సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్నప్పుడు మామ కొత్త విసురు వల అల్లాడు. వల అడుగు తాడుకు బరువుగా గుచ్చే గుండ్లు సీసం కరిగించి నేను పోశాను. మైపాడు దగ్గర బకింగ్‌హాం కాలువలో మొదటిసారి విసిరితే వల గుండ్రంగా పడాల్సింది పోయి, ఒకవైపు ముడుచుకుని అర్ధచంద్రంలా పడింది. రెండోసారీ అంతే. మామ వల గట్టుకు లాగి, అడుగు తాడును చేత్తో తడుముకుంటూ చుట్టూ వచ్చాడు. ఒకచోట ఆగి, "అబ్బయ్యా, ఈ పక్క గుండ్లు వేరే, ఆ పక్క గుండ్లు వేరే. చెయ్యి చెప్తా ఉంది గదా," అన్నాడు.

ఇంటికొచ్చి కాటా మీద పెట్టి చూశాను. కొన్ని 16 గ్రాములు, కొన్ని 22. నాలుగు గడుల, అంటే సీసం పోసే నాలుగు గుంటల, అల్యూమినియం అచ్చు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఆ నాలుగు గడులూ నాలుగు సైజుల్లో ఉన్నాయి. ఏ గడిలో పడ్డవి ఆ కుప్పగా పోసుకుని, కుప్ప తర్వాత కుప్ప గుచ్చాను. దాంతో బరువంతా ఒక పక్కకు చేరింది. అమ్మినవాళ్ళు అచ్చు వెనక్కి తీసుకోలేదు. గుండ్లన్నీ ఊడదీసి కరిగించి, కొత్త అచ్చు చేయించి మళ్ళీ పోశాం. ఆ రెండోసారి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ గుండు అంటే వల గుండే. తుపాకీ గుండ్ల తయారీకి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, దాని జోలికి ఈ రాత పోదు.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు పోయాలా, కొనాలా

వల సామాన్ల అంగళ్ళలో తయారు గుండ్లు కిలోల లెక్కన దొరుకుతాయి. ఏడాదికో వల, అదీ ఒకటే సైజు చాలనుకునేవాళ్ళు అవే కొనుక్కోవచ్చు. గుండ్లకు బదులు లోపల సీసం ఉన్న తాడు కూడా వస్తుంది. కాలువలో చిన్న చేపలకు అదీ పనిచేస్తుంది.

సొంతంగా పోయడంలో లాభం ఎక్కడుందంటే, మన తాడుకు సరిపడే బెజ్జం, మన చేతికి సరిపడే బరువు మనమే పెట్టుకోవచ్చు. పాత వల గుండ్లు ఇంట్లో కిలోల కొద్దీ పడి ఉంటే ఖర్చూ కలిసొస్తుంది. కానీ ఒక షరతు ఉంది. పోత పోయడానికి ఇంటికి దూరంగా, పిల్లలు తిరగని ఖాళీ చోటు ఉండాలి. వసారాలో, వంటపాకలో, బావి దగ్గర పోయాల్సిన పరిస్థితి అయితే ఈ పని మీకు వద్దు. అంగట్లో కొనుక్కోండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

సీసం ఒంట్లోకి పొగ ద్వారా వస్తుంది. అంతకంటే ఎక్కువగా దుమ్ము ద్వారా వస్తుంది. కరిగిన సీసం మీద తేలే బూడిదరంగు మడ్డి ఎండితే పిండిలా రాలుతుంది. అది చేతికి, లుంగీకి, నేలకు అంటుకుంటుంది. పాకే పిల్లాడు ఆ నేల మీద చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంటాడు. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంత ఉంటే పరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు ఉన్నా, అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. బెల్లం తింటే, పాలు తాగితే పోతుందనే మాట నమ్మకండి. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఆ చుట్టుపక్కలకే రాకూడదు.

సీసమే ఎందుకు

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. ఇనుముది 7.87. నీళ్ళలో మునిగిన ప్రతి వస్తువూ తాను పక్కకు నెట్టిన నీటి బరువంత తేలికవుతుంది. కిలో సీసం నీళ్ళలో సుమారు 912 గ్రాములు తూగుతుంది. కిలో ఇనుము 873 గ్రాములు. కిలో సిమెంటు గుండు 580 దగ్గరికి పడిపోతుంది. వల నీళ్ళలో ఎంత వేగంగా అడుక్కు దిగుతుందన్నది ఈ తేడా మీదే ఉంది. రొయ్య వెనక్కి ఎగిరిపోయేలోపు, చేప పక్కకు జారేలోపు అడుగు తాడు నేలను తాకాలి. ఇనుప గుండ్లు ఉప్పునీటిలో తుప్పు పట్టి తాడునే కోసేస్తాయి. ఒకే బరువుకు లావుగా ఉండి వల కంతల్లో చిక్కుకుంటాయి కూడా.

వలను కొలవండి, ఆ తర్వాతే అచ్చు

చాలామంది అచ్చు కొన్నాక ఆ గుండుకు తగ్గట్టు వలను సర్దుకుంటారు. నేను చేసిన మొదటి పొరపాటు అదే. వలే ముందు.

అడుగు తాడును నేల మీద గుండ్రంగా పరిచి టేపుతో చుట్టుకొలత తీయండి. వల పొడవును బట్టి లెక్కేయకండి. అల్లకంలో కంతలు ఎంత పెంచారన్నదాన్ని బట్టి చుట్టుకొలత మారుతుంది. మా మామ వల అడుగు తాడు 18 మీటర్లు వచ్చింది. గుండుకూ గుండుకూ మధ్య ఏడున్నర సెంటీమీటర్లు అనుకుంటే 240 గుండ్లు.

మొత్తం బరువు ఎంత ఉండాలో మీ చెయ్యి, మీ నీళ్ళు చెబుతాయి. నిలకడగా ఉండే చెరువుకు, లోతులేని కాలువకు తేలికపాటి వల చాలు. ముఖద్వారాల దగ్గర పోటు పాటులకు నీళ్ళు లాగే చోట తేలికైన వల దిగేలోపే పక్కకు కొట్టుకుపోతుంది. మీరు ఇప్పటికే హాయిగా విసురుతున్న వల ఉంటే దాన్ని ఆరబెట్టి తూయండి. అందులో గుండ్ల వంతు ఎంతో తెలుసుకోవడానికి ఒక మీటరు తాడు మీది గుండ్లు లెక్కపెట్టి, ఒక గుండు బరువుతో గుణించి, మళ్ళీ చుట్టుకొలతతో గుణించండి. అది మీ కొలమానం. మామకు నాలుగున్నర కిలోల దగ్గర సరిపోతుందని అలాగే తేల్చుకున్నాం.

నాలుగున్నర కిలోలను 240తో భాగిస్తే గుండుకు 18.75 గ్రాములు. ఇప్పుడు అచ్చు కొలత తీయొచ్చు. గొట్టంలాంటి గుండుకు బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లు, బెజ్జం 4, పొడవు 25 పెడితే ఘనపరిమాణం దాదాపు 1.65 ఘన సెంటీమీటర్లు. 11.34తో గుణిస్తే 18.7 గ్రాములు. సరిగ్గా దిగింది.

ఇక్కడొకటి గమనించండి. అదే గుండుకు బయటి వ్యాసం 10 బదులు 11 మిల్లీమీటర్లు అయితే బరువు 23.4 గ్రాములకు పోతుంది. 240 గుండ్లకు నాలుగున్నర కిలోలు కాస్తా ఐదు కిలోల ఆరువందలు అవుతుంది. ఒక్క మిల్లీమీటరుకు కిలోకు పైగా తేడా. పొద్దుటి నుంచి వందసార్లు విసిరే భుజానికి ఆ కిలో ఏమిటో తెలుస్తుంది. "పది, పదకొండు ఏదైనా ఒకటేలే" అనే లేత్ మిస్త్రీ దగ్గర అచ్చు చేయించకండి.

బెజ్జం తాడును బట్టి ఉండాలి. తాడు మందం కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. 3 మిల్లీమీటర్ల తాడుకు 4 మిల్లీమీటర్ల బెజ్జం. మరీ వదులైతే గుండు తాడు మీద ఆడి ఆడి పురి అరిగిపోతుంది. మరీ బిగువైతే గుచ్చేటప్పుడే పురి లేస్తుంది.

అచ్చు దేనితో చేసింది కావాలి

మన తీరంలో వాడకంలో ఉన్నవీ, దొరికేవీ నాలుగు రకాలు.

టేకు చెక్క అచ్చు పెద్దవాళ్ళ కాలం నాటిది. రెండు చెక్కలు గాడి తీసి కలిపి కడతారు. చేయడం సులువు, కానీ ప్రతి పోతకూ లోపల కొంచెం మాడుతుంది. ముప్పై నలభై గుండ్ల తర్వాత గడి పెద్దదైపోయి బరువు పెరుగుతూ పోతుంది. పచ్చి చెక్కయితే లోపలి తేమ ఆవిరై సీసాన్ని బయటికి చిమ్ముతుంది. నేను వద్దంటాను.

బలపపు రాయి అచ్చు నాకు ఇష్టం. మెత్తని రాయి కాబట్టి ఉలితో, రంపంతో చెక్కుకోవచ్చు, వేడికి పగలదు, సీసం అంటుకోదు. లోపం ఏమిటంటే నాలుగు గడులూ ఒకే కొలతకు చెక్కాలంటే చెయ్యి తిరిగినవాడు కావాలి. కిందపడితే ముక్కలవుతుంది.

అల్యూమినియం అచ్చు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది, చేతికి బరువుండదు, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఈ చివరి మాటొక్కటే చాలు. మెత్తని లోహం కనుక గుండును స్క్రూడ్రైవరుతో పొడిచి తీస్తే గడి గీతలు పడుతుంది. మోటుగా వాడేవాళ్ళ చేతిలో రెండేళ్ళు కూడా ఉండదు.

పోత ఇనుము అచ్చు తరాలు నిలుస్తుంది. ఒకసారి వేడెక్కితే ఆ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి గుండ్లు చివరిదాకా ఒకేలా వస్తాయి. కానీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. నాలుగు గడుల అచ్చు చేతిలో పట్టుకుని 240 సార్లు కాకపోయినా 60 సార్లు తెరిచి మూయాలి. మణికట్టు పట్టేస్తుంది. ఇక్కడి గాలికి వారం వదిలేస్తే ఎర్రగా తుప్పు.

సిమెంటు అచ్చు, ప్లాస్టరాఫ్ పారిస్ అచ్చు మాత్రం ఎవరు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. పైకి ఎండినట్టున్నా లోపల నీళ్ళుంటాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. కరిగిన సీసం కింద ఒక చుక్క నీరు చాలు, అది పేలినట్టే ఎగిసి ముఖం మీద పడుతుంది.

ఇంటి అవసరానికి నేను చెప్పేది: రెండు లేదా నాలుగు గడుల అల్యూమినియం అచ్చు, టేకు పిడులతో. ఆరు, ఎనిమిది గడులవి చూడ్డానికి పని తొందరగా అయ్యేట్టు కనిపిస్తాయి. చిన్న గరిటెతో పోస్తూ చివరి గడికి వచ్చేసరికి గరిటెలో సీసం చల్లబడి ఆ గుండు సగమే నిండుతుంది. మళ్ళీ బరువు తేడా. పెద్ద అచ్చులు అమ్మకానికి పోసేవాళ్ళకు, పెద్ద గిన్నె ఉన్నవాళ్ళకు.

అచ్చు చేతిలోకి తీసుకున్నాక

మూసి ఎండకు ఎత్తి పట్టుకుని అతుకు దగ్గర చూడండి. సన్నని వెలుతురు గీత కనిపిస్తే సీసం అక్కడినుంచి రెక్కలా కారుతుంది. రెండు సగాలను కలిపే పిన్నులు ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి. పదిసార్లు తెరిచి మూయండి, వేలిగోరు అతుకు మీద అడ్డంగా పోనివ్వండి. మెట్టు తగిలితే ఆ అచ్చు వద్దు.

బెజ్జం కోసం మధ్యలో దూర్చే కడ్డీని జాగ్రత్తగా చూడండి. స్టెయిన్‌లెస్ స్టీలుది, నున్నగా పాలిష్ పట్టింది, ఒక చివర కొంచెం సన్నంగా ఉన్నది కావాలి. సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి కడ్డీని పట్టేస్తుంది. అంతటా ఒకే మందం ఉన్న కడ్డీని లాగడానికి పట్టకారు, సుత్తి కావాల్సి వస్తుంది. కడ్డీ గడికి సరిగ్గా నడుమ ఉండాలి. పక్కకు జరిగితే గుండుకు ఒకవైపు గోడ పలచబడి, రాయికి తగిలిన రోజు చీలిపోతుంది.

గాలి పోవడానికి అతుకు మీద సన్నని గీతలు ఉన్నాయా? లేకపోతే గడి మూలల్లో గాలి చిక్కుకుని గుండు గుంటలు పడుతుంది. పోసే నోరు గరాటులా వెడల్పుగా ఉండాలి. సీసం గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం మూడు శాతం పైగా తగ్గుతుంది. నోటి దగ్గర అదనంగా నిలిచిన సీసం ఆ లోటు తీరుస్తుంది. ఆ అదనపు ముక్కను మేం తోక అంటాం.

అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష బరువుది. లేత్ షాపులో చేయిస్తున్నట్టయితే డబ్బు మొత్తం ఇచ్చే ముందే ప్రతి గడిలో ఐదేసి గుండ్లు పోసి తూచుకుంటామని మాట తీసుకోండి. ఒక గ్రాము లోపు తేడా అయితే తీసుకోండి. అంతకు మించితే చిన్న గడిని పెద్దది చేయించుకోవచ్చు, పెద్ద గడిని చిన్నది చేయలేరు. అందుకే మొదట కొంచెం తక్కువ కొలతకే కొట్టమని చెప్పండి.

గిన్నె, పొయ్యి

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోయడానికి 370 నుంచి 400 మధ్య ఉంటే చాలు. 500 దాటితే పొగ బాగా పెరుగుతుంది. కట్టెల పొయ్యి మీద ఈ అదుపు కష్టం. గాలి ఒక్కసారి ఊదితే మంట ఎక్కడికో పోతుంది. గ్యాస్ పొయ్యి మేలు. లోపల ముంచి చూసే, 500 డిగ్రీల దాకా చదివే థర్మామీటరు ఒకటి తప్పకుండా కొనండి. తుపాకీలా పట్టుకుని దూరం నుంచి చూసేది మెరిసే సీసం మీద తక్కువ వేడి చూపిస్తుంది, దాన్ని నమ్మి మంట పెంచేస్తాం.

గిన్నె మందపాటి ఇనుముదై, అడుగు వెడల్పుగా, పొయ్యి మీద కదలకుండా కూర్చోవాలి. అల్యూమినియం దబర వద్దు. వేడికి మెత్తబడి, అన్ని కిలోల సీసంతో ఎత్తినప్పుడు అడుగు ఊడితే కాళ్ళ మీదే. ఒకసారి సీసం కరిగించిన గిన్నె, గరిటె మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. వాటికి ఎర్ర పెయింటు గీత పెట్టుకుంటే ఎవరూ పొరపాటున తీసుకుపోరు.

అడుగున కుళాయి ఉండి సీసం కిందికి పోసే కరెంటు గిన్నెలు కూడా వస్తాయి. తొమ్మిది కిలోలు పట్టేది 700 వాట్లు లాగుతుంది. పైన మడ్డి తేలినా కింద నుంచి శుభ్రమైన సీసం వస్తుంది కాబట్టి గుండ్లు బాగుంటాయి. రెండు ఇబ్బందులు. కుళాయిలో చెత్త ఇరుక్కుంటే చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. పోత మధ్యలో కరెంటు పోతే సీసం కుళాయిలోనే గడ్డకడుతుంది. ఏడాదికి నాలుగైదు వలలు చేసేవాళ్ళకు ఆ ధర గిట్టుబాటు. ఒక వలకు గరిటె, ఇనుప గిన్నె చాలు.

ఏ సీసం

పాత వల గుండ్లు, పాత సీసపు నీటి పైపుల ముక్కలు శ్రేష్ఠం. గోటితో గీస్తే గీత పడితే మెత్తని సీసం. తాడు మీద పెట్టి నొక్కే పట్టీ గుండ్లకు ఇదే కావాలి, గట్టిదైతే నొక్కగానే విరుగుతుంది. బెజ్జం గుండ్లకు కొంచెం గట్టిదైనా ఫరవాలేదు.

బండి చక్రాలకు కొట్టే బరువుల్లో సీసానివీ, జింకువీ, ఇనుపవీ కలిసి ఉంటాయి. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి 400 దాటనివ్వకపోతే అది పైన తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. కరిగి కలిసిపోతే గిన్నెడు సీసం చిక్కబడి అచ్చులో నిండదు.

బ్యాటరీలు పగలగొట్టకండి. పలకల్లో ఆమ్లం ఉంటుంది, ఆర్సెనిక్, ఆంటిమొనీ ఉంటాయి. కరిగించేటప్పుడు వాటి నుంచి ప్రాణాంతకమైన వాయువులు పుట్టే ప్రమాదం ఉంది. పాత బ్యాటరీలు అధీకృత సేకరణ కేంద్రాలకే చేరాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదానికి ధర కట్టించుకోండి.

పోత రోజు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట ఉండదు. వలలు బాగుచేసుకునేది అప్పుడే, గుండ్లు పోసేదీ అప్పుడే. పొద్దున పూట గాలి భూమి మీది నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. గాలి మీ పక్క నుంచి వచ్చి పొగను దూరంగా, ఇళ్ళు లేని వైపుకు తీసుకుపోయేలా కూర్చోండి. వీపు వెనక నుంచి నేరుగా వస్తే పొగ మన ముందే సుడి తిరిగి ముఖానికి కొడుతుంది. మబ్బు పట్టిన రోజు మొదలుపెట్టకండి. వేసవి వాన చెప్పిరాదు.

పొడి ఇసుక నేల, నిండు చేతుల చొక్కా, ప్యాంటు, తోలు బూట్లు, తోలు చేతొడుగులు, కళ్ళద్దాలు. లుంగీ, రబ్బరు చెప్పులు వద్దు. మా పెద్దమామ పాదం మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. చెప్పు పట్టీకి, వేలికి మధ్య పడ్డ సీసం చుక్క అది. తడి గరిటె గిన్నెలో పెట్టిన క్షణంలో అయింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సీసపు పొగ ఆగదు, సన్నని రేణువులను ఆపే సరైన రెస్పిరేటరు కావాలి.

సీసం చల్లని గిన్నెలోనే వేసి కరిగించండి. కరిగినదాంట్లో కొత్త ముక్క వేయాల్సి వస్తే దాన్ని గిన్నె అంచున పెట్టి వేడెక్కనిచ్చి అప్పుడు జారవిడవండి. పాత వల గుండ్ల బెజ్జాల్లో తడి దాగి ఉంటుంది. రెండు రోజులు ఎండలో ఆరబెట్టినవే వాడండి. పైకి తేలిన మడ్డిని గరిటెతో నెమ్మదిగా తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి, నేల మీద కొట్టకండి.

అచ్చు గడులకు దీపం మసి పట్టించండి. పలచగా, నల్ల పట్టులా కనిపించేంత. మడత పిన్నుకు కొవ్వొత్తి మైనం ఒక రాపిడి చాలు. మైనం గానీ నూనె గానీ గడిలోకి పోతే గుండ్లు ముడతలు పడి వస్తాయి. కొత్త అచ్చయితే సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పొయ్యి పక్కన వెచ్చబెట్టి మొదలుపెట్టండి.

గరిటె నోటికి ఆనించి ఆగకుండా పోయండి. మొదటి ఐదారు పోతల్లో గుండ్లు ముసలివాళ్ళ చర్మంలా ముడతలుగా వస్తాయి. అచ్చు ఇంకా చల్లగా ఉందని అర్థం. వాటిని తిరిగి గిన్నెలో వేయండి. అచ్చు దారికొచ్చాక తోక మీద చూపు నిలపండి. పోయగానే అద్దంలా మెరుస్తుంది. కాసేపటికి అంచుల నుంచి మధ్యకు ఒక పొర పాకినట్టు మెరుపు మాసిపోతుంది, నడుమ చిన్న గుంట దిగుతుంది. ఆ గుంట దిగాక ఐదంకెలు లెక్కపెట్టి కడ్డీ తిప్పి లాగి అచ్చు తెరవండి. గుండు దానంతటదే పడుతుంది. పడకపోతే పిడి మడత దగ్గర చెక్కతో తట్టండి, గడిని పొడవకండి. గుండ్లు తెల్లగా, నూగు పట్టినట్టు వస్తుంటే అచ్చు మరీ వేడెక్కింది. రెండు నిమిషాలు తెరిచి ఉంచండి, నీళ్ళలో ముంచొద్దు.

పని మధ్యలో బీడీ, టీ, వక్కపలుకు ఏదీ నోట్లో పెట్టొద్దు. అయ్యాక చేతులు, ముఖం సబ్బుతో కడిగి, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

సైజు చేయడం, గుచ్చడం

తోకను కత్తెరలాంటి కట్టరుతో తుంచండి. అతుకు దగ్గర లేచిన రెక్కను చాకుతో పెద్ద పెచ్చులుగా చెక్కండి. ఆకురాయితో, ఎమెరీ కాగితంతో రుద్దితే సీసం పొడి అవుతుంది, ఆ పొడే మనం తప్పించుకోవాలనుకుంటున్నది. వంకరపోయిన గుండును రెండు నున్నటి చెక్కల మధ్య పెట్టి దొర్లిస్తే సరి అవుతుంది.

బెజ్జం రెండు వైపుల అంచులను మాత్రం ఓపిగ్గా చూడండి. పదునైన అంచు వేలికి తగలకపోయినా తాడుకు తగులుతుంది. బెజ్జం కంటే లావుపాటి డ్రిల్లు ముక్కను చేత్తో రెండు చుట్లు తిప్పితే అంచు వాలుగా తెగుతుంది. 240 గుండ్లకు 480 అంచులు, ఒక పూట పని. ఆ పూట మిగుల్చుకుంటే అడుగు తాడు ఒకచోట తెగి, గుండ్ల వరస కాలువలో జారిపోతుంది. అలా పోయిన సీసం నీటి పక్షులకు చేటు. మేతతో పాటు గులకరాళ్ళు మింగే పక్షులు సీసం ముక్కలనూ మింగుతాయి. హంసలు అలా చనిపోతున్నాయనే 1987లో బ్రిటన్‌లో చిన్న సీసపు గేలపు గుండ్లను నిషేధించారు. పులికాట్‌కు రాజహంసలు, నేలపట్టుకు గూడబాతులు వచ్చే ప్రాంతం మనది.

తర్వాత ప్రతి గుండూ చిన్న కాటా మీద పెట్టండి. మూడు డబ్బాలు: తక్కువ, సరి, ఎక్కువ. ఒక గ్రాముకు మించి తేడా ఉన్నవి తిరిగి గిన్నెలోకి. మిగిలినవి గుచ్చేటప్పుడు ఒకటి తక్కువది, ఒకటి ఎక్కువది, రెండు సరివి, ఇలా కలుపుతూ పోవాలి. అడుగు తాడును ఎనిమిది భాగాలుగా గుర్తుపెట్టుకుని, ఒక్కో భాగానికి 30 గుండ్లు ముందే గిన్నెల్లోకి లెక్కపెట్టి తూచి పెట్టుకోండి. ఎనిమిది గిన్నెలూ ఒకే బరువు తూగితే వల ఏ పక్కకూ లాగదు.

గుచ్చాక వెంటనే ముడులు బిగించేయకండి. కత్తెర వేయడానికి వీలుగా తాత్కాలిక ముడితో ఆపి, ఎండిన మైదానంలో విసిరి చూడండి. కిందపడ్డ వలను కదిలించకుండా చుట్టూ నడవండి. ఎక్కడ తాడు లోపలికి వంగిందో అక్కడ ముందు కంతలు లెక్కపెట్టండి, తర్వాతే గుండ్లు తూయండి. మామ రెండో వలలో ఒకచోట అలా వంగితే తప్పు గుండుది కాదు, అల్లకంలో రెండు కంతలు తక్కువ పడ్డాయి. అది విప్పి అల్లుకున్నాక మళ్ళీ నాలుగుసార్లు విసిరి, గుండ్రంగా పడ్డాకే తాడు ముడులు గట్టిగా బిగించాం.